ఓడరేవు కూలీ నుంచి ‘ఛాంపియన్లకే ఛాంపియన్’ దాకా

పాతికేళ్లు వచ్చేశాయి. చేతిలో చెప్పుకోదగ్గ చదువు లేదు. ఓడల్లోంచి బస్తాలు దించే పని. ఊళ్లో నాన్నది వ్యవసాయం, ఇంటికి పెద్ద కొడుకు. 1896 నాటికి ఇవాన్ పొద్దుబ్నీ బయోడేటా రాయమంటే ఇంతకు మించి ఒక్క లైను కూడా రాయలేం. తొమ్మిదేళ్ల తర్వాత, అంటే 1905లో, అదే మనిషి ప్యారిస్‌లో ప్రపంచ ఛాంపియన్‌గా నిలబడ్డాడు. తర్వాత మూడేళ్లూ ఆ పేరు నిలబెట్టుకున్నాడు. 54 ఏళ్ల వయసులో అమెరికా వెళ్లి, తనకు అలవాటు లేని రూల్స్‌తో తనకంటే ఇరవై ఏళ్లు చిన్నవాళ్లతో కుస్తీ పట్టాడు. 70వ ఏట గానీ బరి దిగలేదు.

ఉక్రెయిన్ మట్టిలోంచి వచ్చిన ఈ హెవీవెయిట్ గ్రీకో-రోమన్ మల్లయోధుడి గురించి ఒక మాట తరచూ వినిపిస్తుంది: నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా ఓడిపోలేదట. వినడానికి బాగుంటుంది కానీ నిజం కాదు. ఓడాడు. ముఖ్యమైన చోట్లే ఓడాడు. ఆ ఓటములను పక్కన పెట్టేస్తే ఇతని కథలో మనకు పనికొచ్చే సగం పోతుంది. అందుకే ఆ ఓటములతో సహా చెప్పుకుందాం.

పొలం నుంచి ఓడరేవుకి

1871 అక్టోబరు 8న క్రాసెనివ్కా అనే పల్లెలో ఇవాన్ పుట్టాడు. అప్పట్లో అది రష్యా సామ్రాజ్యంలోని పోల్తావా ప్రాంతం. ఇప్పుడు ఉక్రెయిన్‌లోని చెర్కాసీ ప్రాంతంలో ఉంది. కొసాక్ రైతు కుటుంబం. తండ్రి మాక్సిమ్ బలానికి చుట్టుపక్కల ఊళ్లలో పేరుంది. కొడుకుకి ఒళ్లూ బలమూ ఆయన నుంచే వచ్చాయి. పండగ రోజుల్లో ఊరి జనం ముందు తండ్రీ కొడుకులు నడుముకి బెల్టు కట్టుకుని కుస్తీ పట్టేవారని చెబుతారు. ఇవాన్‌కు దొరికిన తొలి ట్రైనింగ్ అదే.

ఇరవై దాటాక ఊళ్లో పని సరిపోక, డబ్బు కోసం నల్ల సముద్రం ఒడ్డుకు వెళ్లాడు. సెవస్తోపోల్, ఫియోదోసియా ఓడరేవుల్లో కూలీగా కొన్నేళ్లు పనిచేశాడు. పొద్దున్నుంచి చీకటి పడేదాకా మోయడమే పని. మిగతా కూలీలు ఇద్దరు ముగ్గురు కలిసి ఎత్తే పెట్టెను ఇతను ఒక్కడే భుజాన వేసుకుని నడిచేవాడని ఓడరేవులో పేరొచ్చింది.

ఫియోదోసియాలో ఇవాన్‌కు ఓడ నడిపే చదువు చదువుతున్న ఇద్దరు కుర్రాళ్లు స్నేహితులయ్యారు. వాళ్లకు బరువులెత్తే అలవాటు ఉంది. శరీరానికి కూడా ఒక పద్ధతి ప్రకారం సాధన అవసరమని అతనికి తెలిసింది వాళ్ల వల్లే. రోజంతా బరువులు మోసేవాడికి వేరే వ్యాయామం ఎందుకు అనిపిస్తుంది కదా? కానీ మోయడం వేరు, సాధన వేరు. మోసేటప్పుడు శరీరం అలసిపోతుంది. సాధనలో అలసిపోతూనే నేర్చుకుంటుంది. ఈ తేడా అతనికి పాతికేళ్లకు అర్థమైంది.

తొలి ప్రయత్నం: సగం ఫెయిల్

1896లో ఫియోదోసియాకు బెస్కొరోవాయినీ సర్కస్ వచ్చింది. ఆ కాలంలో సర్కస్ అంటే ఏంటో కాస్త చెప్పుకోవాలి. టీవీ లేదు, సినిమా అప్పుడే పుట్టింది. ఊరికి సర్కస్ వస్తే జనం విరగబడేవాళ్లు. ఆటలో చివరి భాగం, అందరూ ఎదురుచూసే భాగం, మల్లయుద్ధం. మల్లులు ఒక్కొక్కరూ పతకాలు తగిలించుకుని వరసగా రింగ్‌లోకి వచ్చి నిలబడేవారు. ప్రేక్షకుల్లో ఎవరికైనా దమ్ముంటే దిగొచ్చు, గెలిస్తే బహుమతి. ఒక రకంగా అది ఓపెన్ వాకిన్ ఇంటర్వ్యూ.

ఇవాన్ దిగాడు. మొదట బలప్రదర్శన పోటీ. అందులో తేలిపోయాడు. ఓడరేవులో అందరికంటే బలవంతుడైనవాడు ప్రొఫెషనల్ అథ్లెట్ల పక్కన ఏమంత లెక్కలోకి రాలేదు. అక్కడే ఆగిపోయి ఉంటే మనం ఇప్పుడు అతని గురించి మాట్లాడుకునేవాళ్లం కాదు. తర్వాత బెల్టు కుస్తీ పోటీకి పేరిచ్చాడు. ఇద్దరూ ఒకరి నడుం బెల్టు ఒకరు పట్టుకుని ఎత్తి పడేసే ఆట. చిన్నప్పుడు నాన్నతో ఆడిందే. సర్కస్ మల్లుల్లో దాదాపు అందర్నీ పడగొట్టాడు. ఊరు ఊరంతా ఓడరేవు కూలీ పేరు చెప్పుకుంది.

ఒకే రోజుల్లో, ఒకే మనిషికి, ఒక పోటీలో ఓటమి, ఇంకో పోటీలో గెలుపు. రెండో దాన్ని చూసి పొంగిపోకుండా అతను మొదటి దాని గురించి ఆలోచించాడు. 32 కిలోల ఇనుప గుండ్లతో రోజూ సాధన మొదలుపెట్టాడు. పొగాకు, మద్యం మానేశాడు. చన్నీళ్ల స్నానం, లెక్క ప్రకారం తిండి. మరుసటి ఏడాది, 1897లో, ఓడరేవు పని వదిలేసి సెవస్తోపోల్‌లో ట్రుజ్జీ సర్కస్‌లో చేరాడు. అక్కడి మల్లుల బృందానికి నాయకుడు ఎస్తోనియాకు చెందిన గియోర్గ్ లూరిచ్. ఇవాన్ కంటే చాలా తేలికైన మనిషి, కానీ పట్ల విషయంలో ఆరితేరినవాడు. బలం తక్కువున్నవాడు టెక్నిక్‌తో బలమైనవాణ్ని ఎలా పడేస్తాడో రోజూ కళ్లెదుటే కనిపించింది.

ఇంట్లో మాత్రం పెద్ద గొడవే అయింది. కష్టపడి పనిచేసే కొడుకు ఒళ్లంతా కనిపించే బిగుతు బట్టలు వేసుకుని జనం ముందు కుస్తీలు పడుతున్నాడని తండ్రికి తెలిసింది. కొట్టడానికి బండి కర్ర పట్టుకుని కూర్చున్నాడని, పండక్కి ఊరు రావద్దని తమ్ముళ్లు కబురు పెట్టారని చెబుతారు. స్టార్టప్‌లో చేరతానంటే ఇంట్లో ఎదురయ్యే రియాక్షన్ తెలిసినవాళ్లకు ఇది కొత్తగా ఉండదు.

ఆట మారింది

సర్కస్‌లో పేరొచ్చాక కీవ్ వెళ్లి నికితిన్ సోదరుల సర్కస్‌లో చేరాడు. బెల్టు కుస్తీలో అతన్ని ఆపేవాడు లేకపోయాడు. సరిగ్గా అప్పుడే మార్కెట్ మారింది. యూరప్ అంతా ‘ఫ్రెంచ్ కుస్తీ’ వైపు వెళ్లిపోతోంది. ఇప్పుడు మనం గ్రీకో-రోమన్ అంటున్నది దాన్నే. పేరులో గ్రీసు, రోము ఉన్నా, ఈ రూల్స్‌తో ఆట రూపు దిద్దుకున్నది 19వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో.

దీని రూల్ సింపుల్‌గా ఉంటుంది, ఆడటం మాత్రం కష్టం. నడుము కింద పట్టుకోకూడదు. కాళ్లతో మెలిక వేయకూడదు, కాలు అడ్డం పెట్టకూడదు. పనంతా చేతులు, ఛాతీ, నడుముతోనే. ఎదుటివాణ్ని ఎత్తాలి, తిప్పాలి, రెండు భుజాలూ మ్యాట్‌కు ఆనేలా వెల్లకిలా పడేయాలి. బెల్టు పట్టుకుని గుంజే ఆటలో ఏళ్లు గడిపినవాడికి ఇక్కడ పట్టుకోవడానికి బెల్టే లేదు. చెమటతో జారే ఒళ్లు తప్ప.

1903 ప్రాంతంలో సెయింట్ పీటర్స్‌బర్గ్ అథ్లెటిక్ సొసైటీ అతన్ని పిలిపించింది. ప్యారిస్‌లో జరిగే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి రష్యా నుంచి ఒక మల్లుణ్ని పంపాలి. వెళ్తావా అని అడిగింది. అప్పటికి అతని వయసు ముప్పై ఒకటి దాటింది. మిగిలిన సమయం మూడు నెలలే. ఫ్రెంచ్ కోచ్‌ని పెట్టారు. రోజూ ముగ్గురు నలుగురు మల్లులు వరసగా వచ్చి అతనితో తలపడేవారు. ఒకరు అలసిపోతే ఇంకొకరు. ఇతనికి మాత్రం విశ్రాంతి లేదు. అదీ మూడు నెలల క్రాష్ కోర్సు.

నూనె రాసుకున్న ప్రత్యర్థి

ప్యారిస్‌లో వరసగా గెలుస్తూ వెళ్లాడు. చూసేవాళ్లకు ఈ రష్యా మనిషి ఎవరా అనిపించింది. అప్పుడు ఎదురొచ్చాడు రౌల్ లె బౌచర్. ఫ్రాన్స్ వాళ్లకు బాగా ఇష్టమైన కుర్రాడు. వయసు ఇరవై మాత్రమే, కండలు తిరిగిన ఒళ్లు. పోటీ మొదలైన కాసేపటికే ఇవాన్‌కు ఏదో తేడాగా అనిపించింది. పట్టు దొరికినట్టే దొరికి జారిపోతోంది. రౌల్ ఒంటికి ఆలివ్ నూనె పట్టించుకుని వచ్చాడు. ఒళ్లు వేడెక్కేకొద్దీ నూనె చెమటతో కలిసి బయటికొస్తోంది.

ఇవాన్ ఫిర్యాదు చేశాడు. జడ్జీలు చూశారు, నిజమే అన్నారు. ఏం చేశారంటే, ప్రతి ఐదు నిమిషాలకు ఒకసారి ఆట ఆపి రౌల్‌ను తువ్వాలుతో తుడవమన్నారు. మేం సాఫ్ట్‌వేర్‌లో చూసే ప్యాచ్ లాంటిదే ఇది. పైన తుడుస్తారు, లోపలి సమస్య అలాగే ఉంటుంది. తుడిచిన నిమిషానికి మళ్లీ జిడ్డు. గంటసేపు అలాగే సాగింది. ఎవరూ ఎవర్నీ పడేయలేదు. చివరికి జడ్జీలు గెలుపు రౌల్‌కే ఇచ్చారు. కారణం: బలమైన పట్ల నుంచి అందంగా తప్పించుకున్నందుకు! ప్యారిస్ ప్రేక్షకుల్లోనే చాలామంది ఈ తీర్పు మీద మండిపడ్డారు. తీర్పు మాత్రం మారలేదు.

ఇంటర్వ్యూ బాగా చేసి, ఆ పోస్టు ముందే ఎవరికో ఫిక్స్ అయిందని తర్వాత తెలిస్తే ఎలా ఉంటుంది? ఇవాన్‌ది అదే పరిస్థితి. కుస్తీ మానేద్దామా అన్నంత వరకు వెళ్లాడు. స్నేహితులు నచ్చజెప్పారు. మానలేదు.

1904లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పెద్ద అంతర్జాతీయ పోటీ పెట్టారు. రౌల్ వచ్చాడు. ఈసారి కూడా నూనె సంగతేమోనని జనం అంతా చూస్తున్నారు. ఇవాన్ అతన్ని మోకాళ్ల మీదా చేతుల మీదా వంగేలా నొక్కిపెట్టి చాలాసేపు లేవనివ్వలేదు. వెంటనే పడేసి ముగించొచ్చు, కానీ ముగించలేదు. ప్యారిస్ గంటకు లెక్క సరిచూసుకున్నాడు. హాలంతా ఈలలు, నవ్వులు. చివరికి జడ్జీలే కలగజేసుకుని రౌల్‌ను విడిపించారు. ఇది క్రీడాస్ఫూర్తేనా అంటే కాదనే అనాలి. ఇవాన్ కూడా మనిషే.

అదే పోటీలో అసలు పరీక్ష వేరే ఉంది. పాల్ పోన్స్. 1898లో ప్రపంచ ఛాంపియన్ అయిన ఫ్రెంచ్ దిగ్గజం, ఇవాన్ కంటే పొడగరి. ఇవాన్ ఎత్తు 184 సెంటీమీటర్లు, బరువు 118 కిలోల దగ్గర. పోన్స్‌ను అంతా అజేయుడనే అనుకునేవాళ్లు. ఇవాన్ అతన్నీ ఓడించాడు. మరుసటి ఏడాది 1905లో మళ్లీ ప్యారిస్. రెండేళ్ల కిందట నూనె జిడ్డుతో వెనక్కి పంపిన నగరంలోనే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 1906, 1907, 1908... వరసగా గెలుస్తూనే పోయాడు. అప్పటి నుంచే అతన్ని ‘ఛాంపియన్లకే ఛాంపియన్’ అనడం మొదలైంది.

అమ్ముడుపోని పేరు

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పుకోవాలి. అప్పటి ప్రొఫెషనల్ కుస్తీ అంతా నిజాయతీగా జరిగేది కాదు. ఆ పోటీలు నడిపేది ఇప్పటి ఒలింపిక్ సంఘాల లాంటివి కావు, టికెట్లు అమ్ముకునే నిర్వాహకులు. డబ్బు తీసుకుని ఆడేవాళ్లకు అప్పట్లో ఒలింపిక్స్‌లో చోటే లేదు. ‘ప్రపంచ ఛాంపియన్‌షిప్’ అని ఒకే ఏడాది వేర్వేరు నగరాల్లో పెట్టేవారు. ఈ రోజు ఎవరు గెలవాలి, ఎంతసేపటికి గెలవాలి అనేది చాలాసార్లు ముందే అనుకునేవారు. జనాన్ని రేపు మళ్లీ రప్పించాలంటే ఈ రోజు స్టార్ ఓడిపోతే బాగుంటుంది. అదీ వాళ్ల బిజినెస్ మోడల్.

ఆ వ్యవస్థలో ఇవాన్‌కు ఒక పేరుండేది: డబ్బిచ్చి పడుకోమంటే పడుకోడు. నిర్వాహకులకు అతనితో ఇబ్బందిగా ఉండేది, తగాదాలు వచ్చేవి. కానీ పోస్టరు మీద అతని పేరుంటే హాలు నిండేది. ఎందుకంటే ఇతను ఆడితే నిజంగా ఆడతాడని జనానికి నమ్మకం. ఇబ్బంది పెట్టిన గుణమే అతని మార్కెట్ వాల్యూ అయింది. సర్కస్ కుస్తీ మీద నమ్మకం పోయి చాలామంది స్టార్ల పేర్లు కొట్టుకుపోయినప్పుడు కూడా ఇతని పేరు నిలిచింది.

మూడేళ్ల గ్యాప్

1910లో ఒక్కసారిగా కుస్తీ వదిలేశాడు. వయసు 39. డబ్బుంది, పేరుంది. నటి ఆంతొనీనాను పెళ్లి చేసుకుని సొంత ప్రాంతానికి వెళ్లాడు. పొలం కొన్నాడు, పిండి మరలు పెట్టాడు, తేనెటీగలు పెంచాడు. రైతు బిడ్డ మళ్లీ రైతు కావాలనుకున్నాడు.

కుదరలేదు. పొలంలో పుట్టినంత మాత్రాన పొలం వ్యాపారం రాదు. ఇంటి ఖర్చు జమీందార్ల స్థాయిలో, రాబడి అంతంత మాత్రం. మర కాలిపోయింది. అప్పులు పెరిగాయి. మూడేళ్లు తిరక్కుండానే ఉన్నదంతా కరిగిపోయింది. 1913లో, 42వ ఏట, తిరిగి కుస్తీలోకి వచ్చాడు. కొత్త కుర్రాళ్లు తయారై ఉన్నారు. ఇతని పని అయిపోయిందనుకున్నవాళ్లు కూడా ఉన్నారు. గ్యాప్ గురించి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. సాధన మొదలెట్టాడు, గెలవడం మొదలెట్టాడు.

అధికారం చేతులు మారుతుంటే

తర్వాత వచ్చిన ఏళ్లు ఎవరి చేతుల్లోనూ లేనివి. 1914లో ప్రపంచ యుద్ధం. 1917లో విప్లవం. ఆపైన అంతర్యుద్ధం. ఉక్రెయిన్ నగరాల్లో ఈ నెల ఒకరి అధికారం, వచ్చే నెల ఇంకొకరిది. ఎర్రసైన్యం, తెల్లసైన్యం, మఖ్నో దళాలు. సర్కస్ డేరా మాత్రం నడిచేది. ఎవరు వచ్చినా సాయంత్రానికి కుస్తీ చూసేవాళ్లు. ఇవాన్ రాజకీయాల జోలికి పోలేదు. పిలిచిన చోటికి వెళ్లి కుస్తీ పట్టాడు. పొట్ట గడవాలి కదా.

ఆ గందరగోళంలోనే భార్య ఒక సైనికాధికారితో వెళ్లిపోయింది. అతను ఏళ్ల తరబడి సంపాదించిన పతకాల్లో చాలా వాటిని పట్టుకెళ్లింది. 1920లో ఒడెస్సాలో రహస్య పోలీసులు ఇతన్ని పట్టుకున్నారు. దాదాపు ఇలాంటి పేరే ఉన్న వేరే మనిషి అనుకుని పట్టుకున్నారని, పొరపాటు తెలిశాక వదిలేశారని చెబుతారు. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే ఈ కథ అక్కడే ముగిసేది.

1919లోనే సర్కస్‌లన్నింటినీ ప్రభుత్వం తీసేసుకుంది. ప్రైవేటు కంపెనీ రాత్రికి రాత్రి సర్కారు సంస్థ అయింది. 1922లో మాస్కో సర్కస్‌లో ఇవాన్ మళ్లీ ఉద్యోగి. వయసు 51. డాక్టర్లు పరీక్షించి ఎక్కడా లోపం లేదన్నారు. ఆ తర్వాతే మరియా మషోనినాతో అతనికి పరిచయం, రెండో పెళ్లి. ఒక యువ మల్లుడికి తల్లి ఆమె. చివరిదాకా పక్కన నిలిచింది.

54 ఏళ్లకు కొత్త సిలబస్

1920ల నడుమ జర్మనీ మీదుగా అమెరికా టూర్ వచ్చింది. ఇంట్లో డబ్బు లేదు, వెళ్లక తప్పదు. వెళ్లాక తెలిసింది: అక్కడ గ్రీకో-రోమన్ చూసేవాడే లేడు. అమెరికాలో అంతా ‘క్యాచ్’ కుస్తీ. కాళ్లు పట్టుకోవచ్చు, కాళ్లతో పట్టేయొచ్చు, కీళ్లు మెలిపెట్టొచ్చు. ముప్పై ఏళ్లుగా ఏది చేయకూడదని నేర్చుకున్నాడో, అక్కడ సరిగ్గా అదే చేయాలి.

54 ఏళ్ల వయసులో మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాడు. న్యూయార్క్, షికాగో, ఇంకా చాలా నగరాల్లో ఆడాడు. చూడ్డానికి జనం వచ్చారు. 1926 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో అప్పటి ఛాంపియన్ జో స్టెచర్‌తో పోటీ. స్టెచర్ 1893లో పుట్టాడు, అంటే ఇవాన్ కంటే 22 ఏళ్లు చిన్న. రెండు కాళ్లతో కత్తెరలా పట్టేసి ఊపిరాడకుండా చేయడంలో అతనికి సాటి లేరు. కాళ్లు వాడటమే తెలియని ఆట నుంచి వచ్చిన ఇవాన్ ఓడిపోయాడు. అజేయుడనే కథలు చెప్పేవాళ్లు ఈ పోటీని దాటేస్తారు. నాకైతే మొత్తం కెరియర్‌లో బాగా నచ్చే ఘట్టం ఇదే. పెద్ద పేరున్నవాడు, సగం జీవితం అయిపోయినవాడు, తన బలహీనత అందరికీ కనిపించే చోటికి వెళ్లి నిలబడ్డాడు. పారిపోలేదు.

అతన్ని నిజంగా దెబ్బతీసింది రింగ్ కాదు, కాగితాలు. 1927లో అమెరికా వదిలి వచ్చేశాడు. అక్కడ సంపాదించిన డబ్బులో చాలా భాగం అక్కడి బ్యాంకులోనే ఉండిపోయిందని, చచ్చేదాకా చేతికి రాలేదని చెబుతారు. రూల్ బుక్‌లో ఆరితేరినవాడికి కాంట్రాక్టు చదవడం ఎవరూ నేర్పలేదు.

ఎయిస్క్‌లో బిలియర్డ్స్ హాలు

తిరిగొచ్చాక అజోవ్ సముద్రం ఒడ్డున ఎయిస్క్ అనే చిన్న పట్నంలో ఇల్లు కొనుక్కుని స్థిరపడ్డాడు. అక్కడి నుంచే టూర్లకు వెళ్లేవాడు. పాస్‌పోర్టులో తన పేరును ఉక్రెయిన్ పద్ధతిలో ‘పిద్దుబ్నీ’ అని, జాతి ఉక్రెయినియన్ అని తనే దిద్దుకున్నాడని, దానివల్ల 1930ల చివర్లో పోలీసుల చేతిలో ఇబ్బంది పడ్డాడని అంటారు. అయినా 1939లో క్రెమ్లిన్‌కు పిలిచి ‘శ్రామిక ఎర్రజెండా’ పతకం ఇచ్చారు, గౌరవ కళాకారుడి బిరుదు కూడా. 1941లో, 70వ ఏట, రింగ్‌కి సెలవు చెప్పాడు.

వెంటనే యుద్ధం. 1942 ఆగస్టు నుంచి 1943 ఫిబ్రవరి దాకా ఎయిస్క్ జర్మన్ల చేతిలో ఉంది. ఊళ్లో చాలామంది వెళ్లిపోయారు. ముసలాయన కదల్లేదు. సోవియట్ పతకాన్ని కోటుకి పెట్టుకునే వీధుల్లో తిరిగాడు. ఒకప్పుడు జర్మనీలో ఆడినవాడు కాబట్టి అక్కడి అధికారులకు పేరు తెలుసు. జర్మనీ వచ్చి మల్లులకు శిక్షణ ఇవ్వమని అడిగితే కాదన్నాడని చెబుతారు. కడుపు నింపుకోవడానికి బిలియర్డ్స్ హాలులో పనికి కుదిరాడు. స్కోరు చూడటం, తాగి గొడవ చేసేవాళ్లను బయటికి పంపడం. ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్ అని చెప్పుకునే మనిషి, 71 ఏళ్ల వయసులో చేసిన ఉద్యోగం అది. ఏ పనికీ సిగ్గుపడలేదు.

జర్మన్లు వెళ్లాక సోవియట్ పోలీసులు విచారించారు. శత్రువుకు సాయం చేసినట్టు ఏమీ తేలలేదు. 1945లో గౌరవ క్రీడా మాస్టర్ బిరుదు ఇచ్చారు. బిరుదైతే వచ్చింది, తిండి చాల్లేదు. యుద్ధం తర్వాతి రేషన్ కాలం. అందరికీ ఇచ్చే కొలతే ఇతనికీ. ఆ ఒంటికి అది ఏ మూలకి? మిగిలిన పతకాలు ఒక్కొక్కటే అమ్ముకున్నాడు. ఒకరోజు కింద పడి తొడ ఎముక విరిగింది. అది అతుక్కోలేదు. వందల మందిని ఎత్తి పడేసినవాడు చంకలో కర్రలతో గేటు దాకా వెళ్లి బెంచీ మీద కూర్చునేవాడు. 1949 ఆగస్టు 8న గుండెపోటుతో పోయాడు.

తర్వాత అంతా వచ్చింది. ఎయిస్క్‌లో సమాధి ఉన్న పార్కుకు అతని పేరు పెట్టారు, మ్యూజియం కట్టారు. అతని పేరు మీద కుస్తీ పోటీలు జరుగుతున్నాయి. 1957లో ఒకటి, 2014లో ఒకటి సినిమాలు వచ్చాయి. ఈ రోజు ఉక్రెయిన్ మావాడంటుంది, రష్యా మావాడంటుంది. బతికున్నప్పుడు ఇంకో అర కిలో రొట్టె కోసం ఎదురుచూసిన మనిషి గురించి.

మనం ఏం తీసుకోవాలి?

కష్టపడితే గెలుస్తాం అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. కానీ ఓడరేవులో కష్టపడినవాళ్లు వందల మంది ఉన్నారు. తేడా ఎక్కడుందో చూడండి. బలప్రదర్శనలో ఓడిన రోజు తన బలం మీద తనకున్న అంచనా తప్పని ఒప్పుకున్నాడు. బెల్టు కుస్తీ నుంచి ఫ్రెంచ్ కుస్తీకి, అక్కడి నుంచి క్యాచ్‌కి, ఆట మారిన ప్రతిసారీ సీనియర్‌నన్న సంగతి పక్కన పెట్టి స్టూడెంట్ అయ్యాడు. ఏళ్ల తరబడి ఒకే టెక్నాలజీ పట్టుకుని, అది పాతబడగానే కంపెనీని తిట్టుకునే మన ఫీల్డ్ వాళ్లకు ఇది కాస్త గట్టిగానే తగలాలి.

అన్యాయం జరిగిన చోట ఫిర్యాదు చేశాడు, వినకపోతే మరుసటి ఏడాదికి సిద్ధమయ్యాడు. నోటిఫికేషన్ ఆగిపోయినా, ఫలితాలు కోర్టుకెక్కినా మన చేతిలో ఉండేది కూడా ఈ రెండే: అడగాల్సిన చోట అడగడం, ఈలోపు పుస్తకం మూయకపోవడం.

ఇతని దగ్గర నేర్చుకోకూడనిదీ ఉంది. తెలియని వ్యాపారంలో ఉన్నదంతా పెట్టేశాడు. సంతకం పెట్టిన కాగితం ఏంటో చూసుకోలేదు. నలభై ఏళ్లు సంపాదించి ముసలితనానికి ఏమీ మిగుల్చుకోలేదు. అది పూర్తిగా అతని తప్పు కాదు, కాలం అలాంటిది. కానీ మన కాలం అంత ఘోరంగా లేదు. మొదటి ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు జీతం అంకె చూసి సంతకం పెట్టేయకుండా బాండ్ ఎన్నేళ్లు, నోటీస్ పీరియడ్ ఎంత, చేతికి ఎంత వస్తుంది అని చివరి పేజీ దాకా చదవండి. మొదటి జీతం నుంచే ఎంతో కొంత పక్కన పెట్టండి. ఇవాన్‌కు ఇవి చెప్పేవాళ్లు దొరకలేదు.